కోటుకి చేతులు ముడతలు లేకుండా ఎక్కించడం ఎలా?

కోటు కుట్టడం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది చేతుల గురించే. భుజం దగ్గర సన్నసన్న కుచ్చులు వస్తున్నాయి, చెయ్యి వెనక్కి తిరిగినట్టుంది, కుడిచెయ్యి బాగానే కుదిరింది కానీ ఎడమది లాగుతోంది, ఇవే ప్రశ్నలు. చాలామంది జవాబు మెషిన్ దగ్గర వెతుకుతారు. ఏ పాదం పెట్టాలి, ఎన్ని గుండుసూదులు గుచ్చాలి, సూది నంబరెంత అని. నేను చెప్పేది ఒక్కటే, మెషిన్ మీదికి వెళ్లేసరికి చెయ్యి కోటుకి కుదిరిపోయి ఉండాలి, మెషిన్ చేసేది ఆ కుదిరినదాన్ని గట్టిపరచడం మాత్రమే. కుదిర్చేవి మూడు: కొలత, ఆవిరి, కచ్చాకుట్టు (చేత్తో వేసి తర్వాత తీసేసే తాత్కాలిక కుట్టు). ఈ మూడింటినీ దాటేసి నేరుగా సూదులు గుచ్చి మెషిన్ ఎక్కిస్తే ఒక్కోసారి అదృష్టం కొద్దీ బాగానే వస్తుంది, కానీ రెండు చేతులకీ ఒకేలా అదృష్టం కలిసిరావడం కష్టం.

షర్టు చేతులు కుట్టిన అలవాటుతో కోటు దగ్గరికి రాకండి. షర్టుకి పక్క కుట్లు వేయకముందే బాడీని పరిచి చెయ్యి అతికించేయొచ్చు, ఎందుకంటే అక్కడ చేతి పైవంపు (భుజం దగ్గర గుండ్రంగా లేచే పైభాగం) తక్కువ, అదనపు గుడ్డ దాదాపు ఉండదు. కోటుకి పక్క కుట్లు, భుజం కుట్టు, చేతి పొడవు కుట్లు అన్నీ అయిపోయాక గుండ్రంగా ఉన్న చేతిని గుండ్రంగా ఉన్న చంకలో, అంటే బాడీకి చెయ్యి అతికే కోతలో, కూర్చోబెట్టాలి. పైగా చేతి పైవంపు చంక గుండ్రం కంటే పొడవుగా ఉంటుంది. ఆ ఎక్కువ గుడ్డే భుజం ఎముక మీద గుండ్రంగా నిలబడేది. అది కుచ్చుగా కాకుండా ఉబ్బుగా మారాలి, మన పనంతా అదే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

కోటు బాడీ (భుజం, పక్క కుట్లు అయిపోయి ఇస్త్రీ చేసినది), పొడవు కుట్లు అయిపోయిన రెండు చేతులు, టేపు, సుద్ద, సన్నటి గుండుసూదులు, కచ్చాకుట్టుకి మామూలు కాటన్ దారం (గుడ్డ రంగుకి పూర్తిగా తేడాగా ఉండాలి), ఆవిరి వచ్చే ఇస్త్రీపెట్టె, పల్చటి తడిగుడ్డ, కుట్లు విప్పే రిప్పర్. వంపుల మీద ఇస్త్రీకి వాడే గుండ్రటి టైలర్ దిండు ఉంటే మంచిది, లేకపోతే ఒక టవల్‌ని గట్టిగా చుట్టి దారంతో కట్టేసి దానికి కాటన్ గుడ్డ తొడగండి. భుజం ప్యాడ్లు ఇప్పుడే తెచ్చుకోండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు. ప్యాడ్ మందం మారితే చెయ్యి వేలాడే తీరే మారిపోతుంది. వీటితోపాటు కోటు గుడ్డదే ఒక ముక్క, ఆవిరి పరీక్షకి.

లైనింగ్ ఇంకా వేయకూడదు. కాలర్ మాత్రం వేసి ఉన్నా ఫరవాలేదు.

1. రెండు గుండ్రాలూ కొలవండి

టేపుని పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి కొలవాలి, అప్పుడే వంపు వెంట సరిగ్గా తిరుగుతుంది. గుడ్డ అంచు మీద కాదు, కుట్టు పడే గీత మీద. మార్జిన్ (కుట్టుకీ గుడ్డ అంచుకీ మధ్య వదిలే గుడ్డ) 1.5 సెం.మీ. వదిలి ఉంటే ఆ గీతని సుద్దతో గీసుకుని కొలవండి. అంచు మీద కొలిస్తే చంక చిన్నగా, చేతి పైవంపు పెద్దగా వచ్చి లేని తేడా కనబడుతుంది, దాంతో అనవసరంగా టెన్షన్ పడి చేతిని కత్తిరించేస్తారు.

చేతి కొలతలోంచి చంక కొలత తీసేస్తే మిగిలేదే అదనపు గుడ్డ. ఊలు కోటుకి ఇది 3 నుంచి 4 సెం.మీ. దాకా ఉండొచ్చు, వదులు నేత ఊలైతే ఇంకొంచెం కూడా మింగేస్తుంది. గట్టిగా నేసిన కాటన్, గాబర్డిన్, పాలిస్టర్ కలిసిన సూటు గుడ్డలకి 2 నుంచి 2.5 దాటితే తిప్పలే. తోలుకి, తోలులాంటి రెక్సిన్‌కి ఒక సెంటీమీటరు కూడా ఎక్కువే అనుకోండి, అవి ఆవిరికి లొంగవు, ఒకసారి సూది దిగితే రంధ్రం పోదు.

తేడా మరీ ఎక్కువ ఉంటే? చాలామంది వెంటనే చంకని కిందికి తవ్వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చంక కిందికి దిగితే గుండ్రం పెరిగి కొలత కలుస్తుంది నిజమే, కానీ చెయ్యి ఎత్తగానే కోటు మొత్తం పైకి లేస్తుంది. దాని బదులు పేపర్ ప్యాటర్న్ మీద చేతి పైవంపు మధ్యలో అడ్డంగా సన్నగా మడత పెట్టండి. 0.5 సెం.మీ. మడతపెడితే పైవంపు పొడవు రెండు వైపులా కలిపి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. అంతకు మించి మడవొద్దు, పైవంపు ఎత్తు తగ్గితే వచ్చే ఇబ్బంది ఏంటో ఆరో మెట్టులో చెప్తాను. గుడ్డ ఇప్పటికే కత్తిరించేసి ఉంటే అదే కొత్త గీతని సుద్దతో గీసుకుని దాని మీద కుట్టండి.

తేడా సున్నా వచ్చినా, చెయ్యే చిన్నగా ఉన్నా చంక సాగిందేమో చూడండి. చంక గుండ్రంలో చాలా భాగం ఐమూలగా (దారానికి ఏటవాలుగా) కత్తిరించినదే కాబట్టి కోటుని నాలుగుసార్లు తొడిగి తీస్తే చాలు సాగుతుంది. అందుకే బాడీ సిద్ధం కాగానే చంక చుట్టూ, మార్జిన్‌లోనే, సన్నటి కాటన్ టేపుని చేత్తో కుట్టేయడం మంచి అలవాటు. టేపు లేకపోతే లైనింగ్ గుడ్డ కన్నె అంచు (నేతలోనే వచ్చే, పోగులు ఊడని అంచు) నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ తీసుకోండి.

2. ఏ చెయ్యి ఎటు అనేది ఖాయం చేసుకోండి

నవ్వకండి, ఎడమ చెయ్యి కుడివైపు ఎక్కించి అంతా అయ్యాక గమనించినవాళ్లు బోలెడుమంది. మామూలుగా ప్యాటర్న్‌లో ముందువైపు ఒక నాచ్ (ముక్కలు జతకలపడానికి అంచు మీద పెట్టే గుర్తు), వెనకవైపు రెండు నాచ్‌లు ఉంటాయి. రెండు ముక్కల చెయ్యి అయితే ఇంకా తేలిక, టేబుల్ మీద పరిస్తే మోచేయి దగ్గర నుంచి ముందుకి వంగి కనబడుతుంది, ఆ వంగినవైపే ముందు.

నాచ్‌లని లోపలికి కోయడం కంటే కచ్చాదారంతో గుర్తు పెట్టడం మేలు. భుజం కుట్టుకి తగలాల్సిన పై గుర్తు, ముందు నాచ్, వెనక నాచ్‌లు, చంక అడుగు గుర్తు, ఇవన్నీ రెండు చేతులకీ, రెండు చంకలకీ పెట్టండి. వీటితోపాటు చేతి మీద నిలువు దారం వెంట పై గుర్తు నుంచి మోచేయి దాకా ఒక కచ్చాగీత, పైవంపు కింద చంక మట్టంలో అడ్డ దారం వెంట ఇంకో కచ్చాగీత వేయండి. ఐదు నిమిషాల పని. తొడిగి చూసేటప్పుడు ఈ రెండు గీతలే మీకు నిజం చెప్తాయి.

3. పైవంపులో అదనపు గుడ్డని లాగండి

దీనికి రెండు దారులు.

మొదటిది అందరికీ తెలిసినదే. మెషిన్ మీద కుట్టు పొడవు 4 లేదా 5 మి.మీ. పెట్టి, పై దారం బిగువు కొంచెం తగ్గించి, ముందు నాచ్ నుంచి పైవంపు మీదుగా వెనక నాచ్ దాకా రెండు వరసలు. అంచు నుంచి 1 సెం.మీ. దగ్గర ఒకటి, 1.3 దగ్గర ఒకటి. రెండూ మార్జిన్‌లోనే ఉంటాయి కాబట్టి తర్వాత విప్పే పని లేదు, బయటికి రంధ్రాలూ కనబడవు. కింది బాబిన్ దారాలు రెండూ కలిపి పట్టుకుని మెల్లగా లాగుతూ గుడ్డని వేళ్లతో సర్దండి. ఒకే వరస వేస్తే సరిపోదా అంటే, సరిపోదు. ఒక్క దారం మీద గుడ్డ మెలితిరిగి చిన్న మడతలు పడతాయి, రెండు దారాలుంటే చదునుగా నిలబడుతుంది.

రెండోది నాకు ఇష్టమైన పద్ధతి, ఊలు కోటుకైతే ఇదే చేయమంటాను. మెత్తటి ఊలు గుడ్డ నుంచో, సాగే గుణమున్న మెత్తటి కాన్వాస్ నుంచో నిఖార్సుగా ఐమూలగా 3 నుంచి 4 సెం.మీ. వెడల్పు పట్టీ కత్తిరించండి. పొడవు చంక మీద ముందు నాచ్ నుంచి భుజం మీదుగా వెనక నాచ్ దాకా ఎంతుందో అంత. చేతి తిరగవైపు మార్జిన్ అంచుకి పట్టీ అంచు కలిపి, పొడవు కుట్టుతో, కుట్టు గీతకి కాస్త బయటగా కుట్టుకుంటూ పోండి. పట్టీని మాత్రమే సాగదీయాలి, చేతి గుడ్డని అస్సలు లాగకూడదు. మెషిన్ వదిలేశాక పట్టీ వెనక్కి ముడుచుకుంటుంది, దాంతోపాటు చేతి పైవంపుని కూడా లోపలికి లాక్కుంటుంది. దారం లాగడం, సర్దడం ఏమీ ఉండదు. పైగా ఆ పట్టీ లోపలే ఉండిపోయి భుజం దగ్గర ఉబ్బుకి ఊతం ఇస్తుంది. ఎంత సాగదీయాలో చేతికి అలవాటయ్యేదాకా పాత గుడ్డ మీద ఒకటి రెండు కుట్టి చూడండి.

ఏ పద్ధతైనా అదనపు గుడ్డ అంతటా సమానంగా పంచకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నాచ్‌ల కింద, చంక అడుగున ఒక్క మిల్లీమీటరు కూడా లూజు వద్దు, అక్కడ చెయ్యి, బాడీ సమానంగా కలవాలి. భుజం కుట్టుకి అటూ ఇటూ ఒక సెంటీమీటరు చదునుగా వదిలేయండి, సరిగ్గా శిఖరం మీద గుడ్డ పోగైతే బయటికి మొటిమలా కనబడుతుంది. మిగిలిన చోట, అంటే భుజం నుంచి ముందుకీ వెనక్కీ దిగే వాలుల్లో ఎక్కువ భాగం సర్దాలి. వెనకవైపు కాస్త ఎక్కువ, ముందు కాస్త తక్కువ. మొత్తం 3.5 సెం.మీ. ఉందనుకోండి, వెనక 2, ముందు 1.5 అనేది మంచి మొదలు. చెయ్యి ముందుకి చాపినప్పుడు గుడ్డ అవసరం పడేది వెనకే కదా.

4. ఆవిరితో కుదించండి

ముందు ఆ గుడ్డముక్క మీద పరీక్ష చేయండి, ఆవిరి తగిలితే మెరుపు వస్తోందా, నీటి మరకలు పడుతున్నాయా అని. తర్వాత చేతి పైవంపుని దిండు చివర మీద తిరగవైపు పైకి ఉండేలా బోర్లించి, తడిగుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టెని ఆనీ ఆననట్టు పట్టుకుని ఆవిరి పట్టండి. బరువు వేసి రుద్దకూడదు. పెట్టె కొన అంచు నుంచి 2 సెం.మీ. దాటి లోపలికి వెళ్లకూడదు, వెళ్తే మీరు కష్టపడి తెచ్చిన గుండ్రం చదునైపోతుంది. చిన్న కుచ్చులు కనిపించిన చోట ఆవిరి పట్టి వేళ్లతో తట్టండి, ఊలైతే కళ్లముందే సర్దుకుంటుంది.

తర్వాత చేయాల్సినది ఏమీ చేయకుండా ఉండటం. దిండు మీదే పూర్తిగా చల్లారి ఆరేదాకా వదిలేయండి. వేడిగా ఉండగా తీస్తే రూపం నిలవదు.

ఎలా తెలుస్తుంది సరిగ్గా వచ్చిందని? చేతిని మీ పిడికిలి మీద తొడిగి వెలుతురులో తిప్పి చూడండి. కుట్టు గీత దాటి కిందికి ఏ కుచ్చూ కనబడకూడదు, బోర్లించిన గిన్నెలా నున్నగా ఉండాలి. మార్జిన్ లోపల కొంచెం అలలు ఉంటే ఉండనివ్వండి. కుట్టు గీత మీద కూడా కుచ్చులు కనిపిస్తున్నాయంటే ఆ గుడ్డ అంత లూజుని మింగలేదని అర్థం, మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లి తగ్గించుకోండి. పాలిస్టర్‌ని ఎంతసేపు ఆవిరి పట్టినా పెద్దగా కుదించుకోదు, దానితో పోట్లాడకండి.

5. కచ్చాకుట్టు

కోటుని తిరగేయండి. చేతిని మంచివైపు బయటికి ఉంచి చంకలో దూర్చండి, రెండు మంచివైపులూ ఎదురెదురుగా వస్తాయి. మొదట నాలుగు సూదులు: భుజం దగ్గర, ముందు నాచ్, వెనక నాచ్, చంక అడుగు. తర్వాత నాచ్‌ల కింది భాగం నింపండి. చివర్లో పైభాగం. సూదులు కుట్టు గీతకి అడ్డంగా గుచ్చాలి, గీత మీద చిన్న కాటు మాత్రమే తీసుకోవాలి.

పైభాగం సర్దేటప్పుడు కుట్టుని మీ వేళ్ల మీద వంచి పట్టుకోండి, చెయ్యి బయటివైపు, బాడీ గుడ్డ వేళ్లవైపు. వంపులో బయటి పొర ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి అదనపు గుడ్డ దానంతట అదే సర్దుకుంటుంది. టేబుల్ మీద పరిచి చేస్తే ఈ లాభం పోతుంది, అందుకే సూదులు గుచ్చడం చేతిలో పట్టుకునే చేయాలి.

ఇప్పుడు ఒంటిపేట కాటన్ దారంతో, చేతివైపు నుంచి, కుట్టు గీత మీద అర సెంటీమీటరు పొడవు కచ్చాకుట్టు. ప్రతి నాలుగైదు కుట్లకి ఒక వెనక కుట్టు (సూదిని వెనక్కి తెచ్చి గుచ్చే కుట్టు) వేస్తే తొడిగినప్పుడు జారదు. బారు కుట్లు వేస్తే తొడగగానే గుడ్డ అటూ ఇటూ జరిగిపోయి మీరు చూసేది అబద్ధం అవుతుంది. ఒక చెయ్యి మాత్రమే కుట్టి ఆపండి. ఇది కుదిరాక దీని గుర్తులు చూసి రెండోది.

6. తొడిగి చూడండి, మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే

కోటు ఎవరికో వాళ్లకే తొడగాలి, బొమ్మకి కాదు. బొమ్మకి చేతులుండవు, ఉన్నా అవి ఆ మనిషి చేతుల్లా వేలాడవు. లోపల ఏ షర్టు వేసుకుంటారో అదే వేసుకోమనండి. ప్యాడ్‌ని దాని స్థానంలో సూదితో నిలపండి. ముందు బొత్తాల దగ్గర మూసి సూది పెట్టండి. చెయ్యి వదులుగా కిందికి వదిలేయమనండి, అద్దంలో చూసుకోవడానికి తల తిప్పితే భుజం కదులుతుంది కాబట్టి మీ కోటు మీరే తొడిగి చూస్తుంటే ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోన్‌తో ఫొటోలు తీయించుకోండి.

అన్నిటికంటే ముందు భుజం కుట్టు చూడండి. బాడీ భుజమే ఎముక దాటి కిందికి జారి ఉంటే చెయ్యి ఎంత బాగా కుట్టినా ఫలితం లేదు, ముందు బాడీ సరిచేసుకోవాలి.

తర్వాత ఆ రెండు కచ్చాగీతలు. నిలువు గీత భుజం నుంచి మోచేయి దాకా నేలకి నిటారుగా దిగాలి. అడ్డగీత నేలకి సమాంతరంగా ఉండాలి. ఈ రెండూ సరిగ్గా ఉండి గుడ్డ ప్రశాంతంగా ఉంటే మీరు నేరుగా ఏడో మెట్టుకి వెళ్లిపోవచ్చు. లేకపోతే కనిపించే ముడతని బట్టి చూడండి.

ఏటవాలు ముడతలు, చేతికి ఒకవైపు పై నుంచి ఇంకోవైపు కిందికి లాగుతున్నట్టు ఉంటే చెయ్యి తిరిగిందని అర్థం. అందరి చేతులూ ఒకేలా వేలాడవు. రోజంతా డెస్క్ ముందు వంగి కూర్చునేవాళ్ల చేతులు ముందుకి వస్తాయి, ఛాతీ విరుచుకుని నిలబడేవాళ్లవి వెనక్కి ఉంటాయి. ప్యాటర్న్‌కి ఈ సంగతి తెలియదు. ముందు నాచ్ నుంచి పైన భుజం మీదుగా వెనక నాచ్ దాకా కచ్చాకుట్టు విప్పేయండి, ఒంటి మీద ఉండగానే. చేతిని అటో ఇటో కొద్దికొద్దిగా తిప్పండి, ముడత మాయమయ్యే చోటు దొరుకుతుంది. పై గుర్తు వెనక్కి జరిపితే మణికట్టు ముందుకి వస్తుంది, ముందుకి జరిపితే వెనక్కి వెళ్తుంది. మామూలుగా ఒక సెంటీమీటరు లోపే సరిపోతుంది. దొరికిన చోట సూది పెట్టి, భుజం కుట్టు ఎక్కడ తగులుతోందో చేతి మీద కొత్త గుర్తు వేయండి. కోటు తీశాక చంక అడుగు కూడా అంతే జరిపి మళ్లీ కచ్చాకుట్టు వేయాలి. చేతి కుట్టు కోటు పక్క కుట్టుకి ఎదురుగా రావడం లేదని బెంగపడొద్దు, రావాల్సిన అవసరం లేదు. నాచ్‌లు కలవాలి కదా అని మొండిపట్టు పట్టి చేతిని చెడగొట్టుకునేవాళ్లే ఎక్కువ. నాచ్‌లు మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి మాట ఒంటిదే.

భుజం శిఖరం నుంచి రెండు వైపులా కిందికి గీతలు లాగుతూ, చంక మట్టంలో గుడ్డ బిగిసి ఉంటే పైవంపు ఎత్తు చాల్లేదు. పైన శిఖరం దగ్గర చేతి మార్జిన్‌లోంచి 3 నుంచి 6 మి.మీ. వదలండి, అటూ ఇటూ నాచ్‌ల దాకా సున్నాకి కలిపేయండి. దీనికి తిరగబడి, పైవంపు కింద అడ్డంగా ఒక మడత కూర్చుంటే ఎత్తు ఎక్కువైంది, చేతి మార్జిన్‌లోకి అంతే తీసేయండి.

నిలువుగా, భుజం నుంచి కిందికి వదులు మడతలు దిగుతుంటే ఆ చోట అదనపు గుడ్డ పోగైంది, పక్కకి పంచండి. పంచినా పోకపోతే తగ్గించండి.

చివరిగా చెయ్యి ముందుకి చాపమనండి, స్టీరింగ్ పట్టుకున్నట్టు. కోటు కొంచెం పైకి లేస్తుంది, అది సహజం. వీపు మీద పట్టేసినట్టు ఉంటే సమస్య వీపు వెడల్పుది, చేతిది కాదు.

ఒక చెయ్యి కుదిరాక రెండోది కూడా అదే కొలతతో కచ్చాకుట్టు వేసి మళ్లీ తొడగండి. రెండు భుజాలూ సమానంగా ఉండే మనుషులు తక్కువ, కాబట్టి ఎడమకి వేసిన గుర్తు కుడికి కొద్దిగా మారితే ఆశ్చర్యపోవద్దు.

7. మెషిన్ కుట్టు

ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కుట్టు పొడవు 2.5 మి.మీ., మందపాటి గుడ్డకి 3. చంక అడుగు నుంచి మొదలుపెట్టి, చేతివైపు పైకి ఉంచి, మెల్లగా, కచ్చాకుట్టు పక్కనే కుట్టుకుంటూ చుట్టూ తిరగండి. వేళ్లతో గుడ్డని అటూ ఇటూ విప్పి పట్టుకోవాలి, ముందుకి తోయడం, వెనక నుంచి లాగడం చేయకూడదు. సూదులు ఉంటే ముందే తీసేయండి, కచ్చాకుట్టు ఉండగా వాటితో పనిలేదు. కొందరు చెయ్యి కిందికి పెట్టి కుడతారు, మెషిన్ పళ్లు కింది గుడ్డని కాస్త ఎక్కువ తింటాయి కాబట్టి అదనపు గుడ్డ సర్దుకుంటుందని. అదీ నిజమే, కానీ ఏం జరుగుతోందో కనబడదు. చేయి తిరిగాక ఏదైనా సరే.

మొదటి చుట్టు అయ్యాక ముందు నాచ్ నుంచి చంక కింద మీదుగా వెనక నాచ్ దాకా, మొదటి కుట్టుకి అర సెంటీమీటరు బయటగా మార్జిన్‌లో ఇంకో వరస వేయండి, బరువంతా పడేది అక్కడే. మీ మెషిన్ మందపాటి గుడ్డని దాటలేక తడబడుతుంటే దాన్ని ఇబ్బంది పెట్టకండి, జంటపేట దారానికి మైనం రాసి చేత్తో వెనక కుట్టు వేసేయండి. చేతులు చేత్తోనే ఎక్కించే టైలర్లు ఇప్పటికీ ఉన్నారు, అది తక్కువ పనేమీ కాదు.

కత్తెర పట్టకముందు బయట నుంచి చుట్టూ చూడండి. ఎక్కడైనా చిటికెడు గుడ్డ కుట్టులో ఇరుక్కుంటే మొత్తం విప్పొద్దు. దానికి అటూ ఇటూ రెండు సెంటీమీటర్లు విప్పి, ఆ మడతని వేలితో రెండు వైపులా పంచి, చేత్తో కచ్చాకుట్టు వేసి మళ్లీ కుట్టండి. అద్దంలో దూరం నుంచి కనబడని చిన్న అలని వేటాడుతూ కూర్చుంటే గుడ్డ అరిగిపోతుంది, ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఇటలీలో నేపుల్స్ టైలర్లు షర్టు భుజంలా కుట్టే పద్ధతి ఒకటుంది, మార్జిన్‌ని బాడీవైపు తిప్పి, భుజం దగ్గర సన్నటి కుచ్చుల్ని కావాలనే వదిలేస్తారు. కాబట్టి కుచ్చు అనేది ఎప్పుడూ నేరం కాదు, మీరు కోరుకోకుండా వస్తేనే నేరం.

8. కత్తిరింపు, ఇస్త్రీ

నాచ్‌ల కింద, చంక అడుగున మాత్రమే మార్జిన్‌ని ఒక సెంటీమీటరుకి తగ్గించండి. పైభాగంలో కత్తెర పెట్టకండి, ఆ మార్జినే లోపల నుంచి పైవంపుని ఎత్తి పట్టుకునేది. పైన కాట్లు కూడా పెట్టొద్దు, ప్రతి కాటూ తర్వాత బయటికి చిన్న గుంటలా కనబడుతుంది.

ఇస్త్రీ విషయంలో ఒకటే హెచ్చరిక, కుట్టిన పైవంపు మీద బయట నుంచి పెట్టె ఆనించకండి. లోపల నుంచి మార్జిన్ మీద మాత్రమే, పెట్టె కొనతో, కుట్టు గీత దాకా వెళ్లి ఆగిపోండి. మార్జిన్ చేతివైపు తిరుగుతుంది, పైభాగానికి గుండ్రటి ఉబ్బు వస్తుంది. భుజం నుంచి చదునుగా దిగే రూపు కావాలనుకుంటే భుజం కుట్టుకి అటూ ఇటూ నాలుగు సెంటీమీటర్ల మేర మార్జిన్‌ని విడదీసి ఇస్త్రీ చేయొచ్చు. చంక అడుగున అసలు ఇస్త్రీ వద్దు, అక్కడ మార్జిన్ నిలువుగా నిలబడే ఉండాలి. పడుకోబెట్టారంటే చంకలో గుచ్చుకుంటుంది.

9. పట్టీ, ప్యాడ్, లైనింగ్

మూడో మెట్టులో ఐమూల పట్టీ వాడి ఉంటే చాలావరకు అదే సరిపోతుంది. దారాలు లాగే పద్ధతి వాడినవాళ్లు మాత్రం మెత్తటి ఊలు గుడ్డనో, పల్చటి దూది పొరనో 4 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. పొడవు ముక్క తీసుకుని, పైవంపు మార్జిన్‌కి చేతివైపు నుంచి, కుట్టు గీత పక్కనే చేత్తో కుట్టండి. సగం అటు సగం ఇటు కాకుండా వెనకవైపుకి కొంచెం ఎక్కువ రానివ్వండి. బయట నుంచి ఆ ముక్క అంచు గీతలా కనబడుతుంటే అది మందం ఎక్కువ, పల్చటిది మార్చండి లేదా అంచుని పీకి పల్చన చేయండి.

ప్యాడ్ మందపు అంచు కుట్టు గీత దగ్గర ఆగకూడదు, ఒక సెంటీమీటరు దాటి చేతిలోకి వెళ్లాలి. అంటే దాదాపు మార్జిన్ అంచుకి సమానంగా. భుజం మీద ఉన్నట్టే ప్యాడ్‌ని వంచి పట్టుకుని వదులు కుట్లతో మార్జిన్‌కి కుట్టండి. చదునుగా పెట్టి బిగించి కుట్టారంటే బయట గుంటలు పడతాయి, దీన్ని చూసి చెయ్యే చెడిందనుకుని విప్పేసేవాళ్లున్నారు. అలాంటి గుంట కనిపిస్తే ముందు ప్యాడ్ కుట్లు కోసి చూడండి.

లైనింగ్ చేతికి చంక అడుగు పై గుడ్డ కంటే 1.5 నుంచి 2 సెం.మీ. పైకి ఉండాలి, ఎందుకంటే అది నిలబడి ఉన్న మార్జిన్‌ని ఎక్కి దిగాలి. రెండింటికీ ఒకే ప్యాటర్న్ పెట్టి కత్తిరిస్తే లైనింగ్ చాలక చంకలో పట్టేస్తుంది, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ కోటు చెయ్యి లోపలికి లాగినట్టవుతుంది. పైవంపు అంతా బాగా కుదిరి, లైనింగ్ వేశాక మాత్రం ముడతలు మొదలయ్యాయి అని అడిగేవాళ్లకి జవాబు చాలాసార్లు ఇదే. ఇప్పటికే కత్తిరించేసి ఉంటే, చంక అడుగున లైనింగ్ మార్జిన్‌ని ఎంత వీలైతే అంత తక్కువ తీసుకుని చేత్తో దొంగకుట్టు (బయటికి కనబడని కుట్టు) వేయండి, ఇంకా చాలకపోతే అదే లైనింగ్ గుడ్డతో చంక దగ్గర ఒక చిన్న డైమండ్ ముక్క అతికించొచ్చు, లోపలే కాబట్టి ఎవరికీ కనబడదు.